కుట్టు శిక్షణ ముగిసే ముందు ఒక్కొక్కరికీ ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి

మీరు అడిగింది ఇది: దేవరకొండ దగ్గర మహిళా సమాఖ్య భవనంలో 28 మందికి 30 రోజుల కుట్టు శిక్షణ నడుస్తోంది, ఇంకో వారంలో అయిపోతుంది. పోయిన బ్యాచ్‌కు చివరి రోజు అందరినీ కూర్చోబెట్టి "బాగా నేర్చుకున్నరు, ఇంకా ప్రాక్టీసు చెయ్యాలె" అని పంపించారు. మూడు నెలలకు పోయి చూస్తే సగం ఇళ్లలో మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. ఈసారి ఒక్కొక్కరికీ విడిగా ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలనుకుంటున్నారు. మనసు నొప్పించకుండా ఎట్లా చెప్పాలన్నది మీ ప్రశ్న.

నొప్పి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఏం చెప్పాలో తేల్చుకోండి. చెప్పే మాట ఎంత కచ్చితంగా ఉంటే నొప్పి అంత తగ్గుతుంది. "ఇంకా ప్రాక్టీసు చెయ్యాలె" అని విన్న మనిషికి తనలో ఏదో లోపం ఉందని మాత్రమే తెలుస్తుంది, అది ఎక్కడుందో తెలియదు. అందుకే అది మనసులో ముల్లులా ఉండిపోతుంది. "జాకెట్ కుడి చేయి ముక్కల ముందు వైపు ఎనకకు పోయింది" అంటే అందులో బాధపడేదేమీ లేదు, విప్పి సరిచేసుకునేదే ఉంది. మీరు చెప్పబోయే ప్రతి మాటనూ ఇట్లా పరీక్షించండి: ఈ మాట విని ఇంటికి పోయి మిషన్ ముందు కూర్చుంటే, రేపు పొద్దున తన చేయి ఏం మార్చాలో ఆమెకు తెలుస్తుందా? తెలియకపోతే ఆ మాట ఇంకా తయారు కాలేదు.

ముందు టైము లెక్క వేసుకోండి. మనిషికి 15 నిమిషాలు, 28 మందికి 420 నిమిషాలు, అంటే 7 గంటలు. ఒక్క రోజులో కూర్చుంటే పదో మనిషి దగ్గరికే మీ మాట అరిగిపోతుంది, తర్వాత వచ్చేవాళ్లందరికీ ఒకే పాట వినిపిస్తారు. 24వ రోజు నుంచి 27వ రోజు దాకా రోజుకు ఏడుగురు చొప్పున పెట్టుకోండి, రోజుకు గంటా నలభై ఐదు నిమిషాలు చాలు. మిగతావాళ్లు చివరి జాకెట్ కుడుతూ ఉంటారు కాబట్టి క్లాసు ఆగదు. చివరి మూడు రోజులు ఖాళీగా ఉంచండి, చెప్పింది సరిచేసుకోవడానికి ఆ మూడు రోజులే కావాలి. సర్టిఫికెట్లిచ్చే రోజు మాత్రం ఫీడ్‌బ్యాక్ పెట్టుకోకండి. ఆ రోజు ఇంటివాళ్లు వస్తారు, ఫొటోలుంటాయి, అధికారులుంటారు. మంచి చీర కట్టుకొచ్చిన మనిషికి ఆ హడావుడిలో చంక కుట్టు గురించి చెప్తే తలకెక్కదు.

మార్కులు కూడా అదే కూర్చోవడంలో చెప్పొద్దు. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ బడి పిల్లల మీద చేసిన పరిశోధనలో, పని మీద వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలకు ఆసక్తి నిలిచింది, పని మెరుగైంది. మార్కు, వ్యాఖ్య రెండూ కలిపి ఇచ్చినవాళ్లకు ఆ మేలు కలగలేదు. పిల్లలకే కాదు, పెద్దలకూ ఇది వర్తిస్తుందని ఏ శిక్షణ కేంద్రంలోనైనా కళ్లారా చూడొచ్చు. అంకె చెవిన పడగానే మిగతా మాట ఆగిపోతుంది, పక్కామెకు ఎన్ని వచ్చాయన్న ధ్యాసే మిగులుతుంది. పరీక్ష, పాస్, ఫెయిల్ వేరే రోజు, వేరే మనిషి చెప్పనివ్వండి.

ఇక అసలు పని మాట్లాడటానికి ముందు రోజు సాయంత్రం జరగాలి. మర్నాడు వచ్చే ఏడుగురి జాకెట్లు తెచ్చుకుని ఒక్కోదానికి ఐదేసి నిమిషాలు ఇవ్వండి. ముందు బయటి నుంచి కాదు, తిరగేసి లోపలి నుంచి చూడండి, తప్పు జాడ లోపలే దొరుకుతుంది. భుజాల కుట్టు, చంక చుట్టూ, పక్క కుట్లు, మెడ పట్టీ, డాట్ల (ఒంటి ఆకారం కోసం వేసే మడత కుట్ల) కొసలు, చివరికి హుక్కులు, కాజాలు. ఈ వరుస ప్రతిసారీ ఒకటే ఉంటే ఏదీ కంటి నుంచి జారిపోదు. కొలత పుస్తకంలో ఆమె రాసుకున్న అంకెలూ పక్కన పెట్టుకోండి. కుట్టులో కనిపించే తప్పుల్లో చాలా వాటికి వేరు ఆ పుస్తకంలోనే ఉంటుంది.

ఉదాహరణకు జాకెట్ మొత్తం బిగుతుగా వచ్చింది. మామూలుగా "మార్జిన్ (కుట్టు కోసం విడిచే అదనపు గుడ్డ) వదులుకో అమ్మా" అని చెప్పేస్తాం. పుస్తకం తీసి చూస్తే, ఛాతీ 34కు నాలుగో వంతు 8 అని రాసి ఉంటుంది. రావాల్సింది ఎనిమిదిన్నర. నాలుగు భాగాల్లో అర ఇంచు చొప్పున పోతే చుట్టుకొలతలో 2 ఇంచులు పోయినట్టే. ఇక్కడ చేతిలో ఏ లోపమూ లేదు, మార్జిన్ సంగతే కాదు, సగంలో సగం తీసే లెక్క దగ్గర తడబాటు. ఈమెకు చెప్పాల్సింది టేపును నాలుగు మడతలు వేసి చూసుకోమని. 34 దగ్గర పట్టుకుని ఒకసారి మడిస్తే 17, మళ్లీ మడిస్తే ఎనిమిదిన్నర, లెక్క అక్కరలేదు. ఇంకో జాకెట్ కూడా బిగుతే, కానీ పుస్తకంలో అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడు పక్క కుట్లు చూడండి. గీత మీద కాకుండా ఇంచులో ఎనిమిదో వంతు లోపలికి కుడుతూ పోతే, రెండు పక్కలా రెండేసి పొరలకు కలిపి అర ఇంచు తగ్గుతుంది. ఇద్దరి జాకెట్లూ బిగుతే. ఒకామెకు లెక్క, రెండో ఆమెకు కన్ను. ఇద్దరికీ ఒకే మాట చెప్తే ఒకరికి తప్పకుండా తప్పు మాట చెప్పినట్టే.

అందుకే తప్పు కనిపించగానే, ఇది లెక్కలో వచ్చిందా, కత్తెరలో వచ్చిందా, కుట్టులో వచ్చిందా, లేక మిషన్‌దా అని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గుడ్డ కింది వైపు దారం గుత్తులు గుత్తులుగా వస్తే అందరూ కింది దారం ఉండే బాబిన్ కేసు స్క్రూ మీద పడతారు. ఎక్కువసార్లు గోల పై దారంలో ఉంటుంది: గుడ్డను నొక్కి పట్టే ప్రెషర్ ఫుట్ దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే అది దారం బిగువును పట్టే టెన్షన్ పలకల మధ్యకు దిగదు. ఫుట్ పైకి లేపి దారం మళ్లీ ఎక్కిస్తే సగం సమస్యలు పోతాయి. కుట్టు మధ్యలో వదిలేస్తూ పోతుంటే సూది మొద్దుబారి ఉండాలి, లేదా చదును వైపు తప్పుగా బిగించి ఉండాలి. డాట్ కొస పొక్కులా లేస్తే, చివరి అర ఇంచు మడత అంచు వెంట సన్నగా జారకుండా ఒక్కసారిగా ఆపేసినట్టు. మెడ వదులై ముందుకు వాలితే, పట్టీ వేసేటప్పుడు మెడ గుడ్డను చేత్తో లాగారు. మెడ వంపు ఏటవాలుగా కత్తిరించిన జాగా కాబట్టి లాగితే సాగుతుంది. లాగితే గీగితే క్రాస్ పట్టీని (ఏటవాలుగా కత్తిరించిన మెడ పట్టీని) కొంచెం లాగాలి, మెడను కాదు.

ఇంత చూశాక ఒక జాకెట్‌లో ఆరేడు తప్పులు దొరుకుతాయి. అన్నీ చెప్పొద్దు. ఒక్కటి చెప్పండి, మహా అయితే రెండు. ఎంచుకునేటప్పుడు నేను పెట్టుకోమనే క్రమం ఇది: గిరాకీ గుడ్డ పాడయ్యే తప్పు ముందు, ఒంటి మీద సరిగా కూర్చోని తప్పు తర్వాత, అందం చివరికి. కత్తిరించేటప్పుడు జరిగే తప్పు విప్పినా సరికాదు, గుడ్డ డబ్బులు కట్టాల్సి వస్తుంది. ఊళ్లో ఒక్క జాకెట్ పాడైతే ఆ వాడ మొత్తానికి తెలుస్తుంది. హుక్కులు వంకరగా ఉన్నాయన్నది వచ్చే నెల తనే దిద్దుకుంటుంది.

ఆమె రేపు ఎక్కడ కుట్టబోతోందో కూడా చూడండి. 2024లో ప్రభుత్వం బడి యూనిఫాంల కుట్టుపని మహిళా సంఘాలకు అప్పగించింది. ఆ పనికి పోయేవాళ్లకు ఒకే కొలతలో పది చొక్కాలు ఒకేలా రావడం, వేగం ముఖ్యం. ఇంటి దగ్గర జాకెట్లు కుట్టుకునే మనిషికి ఒంటికి అతికినట్టు రావడం ముఖ్యం. పోచంపల్లి వైపు ఉండే మనిషి ఇక్కత్ గుడ్డ పట్టుకోక తప్పదు, ముందు వైపు రెండు ముక్కల్లో డిజైన్ ఎదురెదురు కలవకపోతే గిరాకీ ఒప్పుకోదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. చీరతో వచ్చిన అంచును చేతులకు వేసేటప్పుడు రెండు రకాల గుడ్డలు ఒకే కుట్టు కింద పడతాయి, అక్కడ టెన్షన్ చూసుకోవాలి. ఎవరికి ఏది కావాలో అదే చెప్పండి.

మాట్లాడే జాగా గురించి రెండు ముక్కలు. నలుగురికీ కనిపించాలి, కానీ వినిపించకూడదు. హాలు ఒక్కటే ఉంటే వరండాలో ఒక మిషన్ వేయించండి. తలుపులు మూసిన గది వద్దు, చెప్పేది మగ శిక్షకుడైతే అసలే వద్దు. టేబుల్‌కు అటు మీరు, ఇటు ఆమె కూర్చుంటే పరీక్షలా ఉంటుంది. ఆమె పక్కన, ఒకే వైపు కూర్చుని, మధ్యలో జాకెట్ పెట్టుకోండి. అప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు కాకుండా గుడ్డను చూస్తారు.

మొదటి మూడు నాలుగు నిమిషాలు ఆమెవే. మీరు నోరు తెరవక ముందే తప్పు ఆమె చేత చూపించండి. ఇట్లా నడుస్తుంది:

"అక్కా, ఈ జాకెట్ల నీకు యే జాగ మంచిగ కుదిరింది? యేడ కుదరలే? నువ్వే చూపియ్యి."

"మెడ మంచిగొచ్చింది మేడం. చేయి కాడ ముడుతలొచ్చినయి."

"ఔ, నేను గూడ చూసిన. రెండు చేతులకా?"

"లే, కుడి చేతికే."

"ఎడమ చేయి మంచిగున్నదంటే ఎక్కించుడు నీకొస్తది. మరి కుడి దానికి ఏమైందో తిరగేసి చూద్దాం పా."

ఈ చివరి మాట గమనించండి. ఇది బుజ్జగింపు కాదు, గుడ్డే ఇచ్చిన సాక్ష్యం. ఒక చేయి సరిగ్గా వచ్చిందంటే చేయి ఎక్కించడం తెలుసన్నమాట, తెలియక జరిగింది వేరే. తిరగేసి చూస్తే కారణం దొరుకుతుంది. జాకెట్ ముందు చంక వెనక దానికంటే లోతుగా కత్తిరిస్తాం కాబట్టి, చేతి ముక్కకూ ముందు వైపు వంపు ఎక్కువ ఉంటుంది. కుడి చేతిలో ఆ వంపు వెనక్కి పోయింది. గుడ్డ రెండు వైపులా ఒకేలా ఉంటే, కుట్టేటప్పుడు తిరగబడింది, విప్పి తిప్పి వేస్తే సరి. గుడ్డకు మంచి వైపు, ఎనక వైపు వేరేగా ఉంటే తప్పు కుట్టులో లేదు, కత్తెరలో ఉంది: గుడ్డను మడిచి రెండు చేతులూ ఒకేసారి కత్తిరించకుండా, విడివిడిగా ఒకే దిక్కున కత్తిరించింది. రెండు చేతులూ ఎడమవే తయారయ్యాయి. విప్పినా లాభం లేదు, కొత్త చేయి కత్తిరించాలి. ఆమెకు చెప్పాల్సింది ఒక్కటే: మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి రెండు ముక్కలూ కలిపి కత్తిరించు, విడదీయకముందే ముందు వంపు మీద రెండింటికీ చిన్న గాటు పెట్టు.

తర్వాత ఐదారు నిమిషాలు మిషన్ మీద. చెప్పింది ఆమె అక్కడికక్కడే పాత గుడ్డ మీద చేసి చూపాలి. మీరు చేసి చూపించి పంపితే మీ చేతికి ప్రాక్టీసు అయింది, ఆమెకు కాదు. కత్తెర లాక్కోకండి, గుడ్డ తిప్పకండి, వేలితో చూపించండి చాలు. చేశాక "మీ చెల్లెకు నేర్పాలంటే ఎట్ల చెప్తవ్?" అని అడగండి. తన మాటల్లో చెప్పగలిగితే అర్థమైంది. "అర్థమైందా?" అని అడిగితే అందరూ ఔననే అంటారు, ఆ ప్రశ్న దండగ.

చివరి రెండు నిమిషాల్లో ఒక చీటీ. మూడే పంక్తులు: ఏది కుదిరింది, ఏది మార్చాలి, ఈ వారం ఏం చెయ్యాలి. మూడో పంక్తిలో అంకె ఉండాలి. "చేతులు ప్రాక్టీసు చెయ్యాలి" కాదు, "పాత గుడ్డ మీద 6 జతల చేతులు, గాటు పెట్టి, శనివారం లోపు". చదువు రానివాళ్లకు చీటీ బదులు అరచేతి సైజు గుడ్డ ముక్కలు రెండివ్వండి, ఒకదాని మీద తప్పు, ఒకదాని మీద ఒప్పు, తప్పు దానికి ఎర్ర దారం ముడి. నిజానికి చదువు వచ్చినవాళ్లకూ ఇదే ఎక్కువ పనికొస్తుంది. దేవరకొండ తండాల నుంచి వచ్చే కొందరికి ఇంట్లో మాట లంబాడీ, నారాయణపేట వైపు కొన్ని ఇళ్లలో కన్నడం. పాఠం తెలుగులో విని తలూపినా, అడగాల్సింది అడగడానికి మాట దొరక్క ఊరుకుంటారు. అదే భాష వచ్చిన ఒకామెను, ఆమెకు ఇష్టమైతేనే, పక్కన కూర్చోబెట్టుకోండి.

అనకూడని మాటల సంగతి. "నీకు శ్రద్ధ లేదు", "నీకు చురుకుదనం తక్కువ", "ఫలానామెను చూసి నేర్చుకో" ఇవి పని మీద మాటలు కావు, మనిషి మీద మాటలు. 1996లో క్లూగర్, డినిసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన 607 ఫలితాలను కలిపి చూశారు. సగటున మేలు కనిపించినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా దిగజారింది. దృష్టి పని మీది నుంచి తన మీదికి మళ్లితే మేలు తగ్గిపోతుందని వాళ్ల వివరణ. పొగడ్తకూ ఇది వర్తిస్తుంది. "నువ్వు బంగారం, నీకు చేతిలో కళ ఉంది" అన్న మాట తీపిగానే ఉంటుంది, కానీ దాంతో మర్నాడు కుట్టులో ఏమీ మారదు. "క్రాస్ పట్టీ ఎక్కడా మెలిక పడకుండా వేసినవ్, ఇట్లనే వేస్తుండు" అంటే ఏది నిలబెట్టుకోవాలో తెలుస్తుంది. ఇంకో అలవాటు కూడా మానాలి: ముందొక పొగడ్త, మధ్యలో తప్పు, చివర ఇంకో పొగడ్త. రెండోసారికే జనం కనిపెట్టేస్తారు. మీరు మెచ్చుకోవడం మొదలుపెట్టగానే "ఇంకేం తప్పుందో" అని గుండె పట్టుకుంటారు.

కొందరి దగ్గర కొంచెం ఆగి ఆలోచించాలి. అందరికంటే బాగా కుట్టే ఆమెకు ఎక్కువగా అన్యాయం జరుగుతుంది, "నీకేం, మంచిగ కుడుతున్నవ్" అని రెండు నిమిషాల్లో పంపేస్తాం. ఆమెకు కావాల్సింది తర్వాతి మెట్టు: ప్రిన్సెస్ కట్ (డాట్ల బదులు పొడవు కుట్లతో ఆకారం తెచ్చే కట్), లైనింగ్ జాకెట్, లేదా మూడు గంటలు పట్టే జాకెట్ రెండు గంటల్లో ఎట్లా అయితదో. ఏ పనికి ఎంత టైము పోతోందో గడియారం పెట్టి ఆమెతోనే రాయించండి. ఎక్కువగా కుట్టు దగ్గర కాదు, విప్పి మళ్లీ కుట్టే దగ్గర టైము పోతుంది.

ఏళ్లుగా ఇంట్లో కుడుతున్న పెద్దామె ఇంకో రకం. ఆమె కొలతలు రాయదు, పాత జాకెట్ గుడ్డ మీద పరిచి కత్తిరిస్తుంది. పద్ధతి తప్పని చెప్పకండి, అది పనిచేసే పద్ధతే. కొలత జాకెట్ తేని గిరాకీ వస్తే ఏం చేస్తారో అడగండి. తన పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో ఆమే చెప్తుంది, టేపు అక్కడి నుంచి మొదలుపెట్టండి. పత్తి ఏరడానికి పోయి వారం రోజులు రానామెకు హాజరు గురించి ఇప్పుడు మాట్లాడి లాభం లేదు, ఆ వారంలో ఏ పాఠం పోయిందో చూసి ఆ ఒక్కటి చెప్పండి. ఏడ్చేవాళ్లు ఉంటారు. ఎక్కువసార్లు ఆ ఏడుపు చంక కుట్టు గురించి కాదు, ఇంట్లో ఎవరో అన్న మాట గురించి. మాట ఆపి నీళ్లివ్వండి, జాకెట్ పక్కన పెట్టండి, సాయంత్రమో మర్నాడో మళ్లీ కూర్చోండి. కన్నీళ్లు చూసి తప్పును మింగేయడం మాత్రం వద్దు, అది ఆమెను గిరాకీ ముందు ఒంటరిగా వదిలేసినట్టు.

ఇంకొకటి, ఇది కుట్టుపని కాకుండా హౌస్ వైరింగ్ బ్యాచ్ అయినా పద్ధతి ఇదే, ఒక్క తేడా తప్ప. ప్రాణం మీదికి తెచ్చే తప్పును చివరి ఫీడ్‌బ్యాక్ దాకా దాచకూడదు. స్విచ్ కరెంటు తెచ్చే ఫేజ్ తీగకు కాకుండా న్యూట్రల్‌కు వేశాడంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, ఆ మాట అప్పుడే, అక్కడే, అందరి ముందే చెప్పాలి. కుట్టులో కూడా సూది కింద వేలు పెట్టే అలవాటు, తొక్కుతూనే దారం ఎక్కించే అలవాటు ఆ క్షణమే ఆపించాలి.

ముగిశాక 15వ రోజు, 45వ రోజు ఫోన్ చేయండి. "ఎట్లున్నవ్, కుడుతున్నవా?" అంటే "ఆ, కుడుతున్న" అనే వస్తుంది. చీటీ నకలు మీ దగ్గర ఉంచుకుని చీటీలో రాసిందే అడగండి: ఆరు జతలైనయా, గాటు పెడుతున్నవా, బయటి గుడ్డ ఎన్ని కుట్టినవ్? వీలైతే చేతి కుట్టు ఫొటో, లోపలి వైపు నుంచి తీసి వాట్సాప్‌లో పంపమనండి. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో శిక్షణ తర్వాత రెండేళ్ల దాకా వెన్నంటి ఉండే పద్ధతి ఉంది. మీకు అంత వీలు లేకపోయినా ఈ రెండు ఫోన్లు పెట్టుకోండి. 45వ రోజు ఫోనులో "మిషన్ రిపేరుంది మేడం" అన్నవాళ్లను ముందు అడగాల్సింది, ఫుట్ లేపి దారం ఎక్కించినవా అని.